నగరాల గద్దెలు – 7: చక్రవర్తి వద్దన్న మేయరు

1871 నుంచి 1977 దాకా పారిస్ మహానగరానికి మేయరే లేకుండా ఫ్రెంచి ప్రభుత్వాలు ఎలా నెట్టుకొచ్చాయో పోయిన సంచికలో చూశాం. జనం ఎన్నుకున్న మనిషి రాజధానిలో కూర్చుంటే తమ కుర్చీ కిందికి నీళ్ళొస్తాయని ఏ దేశపు పాలకులకైనా బెంగే. వియన్నాలో ఆ బెంగ ఇంకో రకంగా బయటపడింది. అక్కడ నగరసభ ఉంది, ఎన్నికలున్నాయి, మేయరూ ఉన్నాడు. అయితే గెలిచినవాడు కుర్చీ ఎక్కాలంటే చక్రవర్తి ఆమోదముద్ర పడాలి. అన్నాళ్ళూ అది లాంఛనం. 1895లో లాంఛనం కాస్తా కత్తయింది.

ఆ ఏడాది అక్టోబరు 29న నగరసభలోని 138 మందిలో 93 మంది కార్ల్ లుయేగర్‌కు ఓటేశారు. నవంబరు మొదటివారంలో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఈ ఎన్నికను ఆమోదించేది లేదన్నాడు. 13న సభ మళ్ళీ కూడి మళ్ళీ ఆయన్నే ఎన్నుకుంది. ప్రభుత్వం సభనే రద్దు చేసింది.

ఇక్కడి దాకా వింటే మనకు వెంటనే జనం పక్షాన నిలబడాలనిపిస్తుంది. ప్రజాతీర్పు ఒకవైపు, రాజుగారి మొండితనం ఇంకోవైపు. అంత తొందరపడకండి. ఆ 93 ఓట్లు ఎలా వచ్చాయో, ఏ నినాదం మీద వచ్చాయో చూశాక పక్షం ఎంచుకోవడం అంత తేలిక కాదు.

ముందు ఓటు సంగతి. వియన్నాలో ఊరంతటికీ ఒక ఓటరు జాబితా ఉండేది కాదు, మూడు ఉండేవి. పెద్ద పన్ను కట్టే మేడల యజమానులు, ఫ్యాక్టరీదార్లు, బ్యాంకర్లు మొదటి తరగతి. మధ్యరకం పన్ను కట్టేవాళ్ళూ, వాళ్ళతోపాటు ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, మతగురువుల వంటి చదువుకున్నవాళ్ళూ రెండో తరగతి. చిన్న పన్నుదార్లు మూడో తరగతి. 1890 డిసెంబరు చట్టంతో శివారు గ్రామాలెన్నో నగరంలో కలిసి, డివిజన్లు పదినుంచి పందొమ్మిదయ్యాయి. జనాభా 13 లక్షలు దాటింది. నగరసభలో 138 సీట్లు, తరగతికి 46 చొప్పున. గుప్పెడు మంది శ్రీమంతులకు 46 సీట్లు, వాళ్ళకు ఎన్నో రెట్లున్న చిల్లర దుకాణదార్లకూ 46 సీట్లే. ప్రత్యక్ష పన్ను కట్టని కూలివాడికి అసలు ఏ జాబితాలోనూ చోటు లేదు.

ఈ ఏర్పాటు నీడలో 1861 నుంచి మూడు దశాబ్దాలకు పైగా లిబరల్స్ నగరాన్ని ఏలారు. వాళ్ళను తీసిపారేయడానికి లేదు. మేయర్ కాయెటన్ ఫెల్డర్ హయాంలో, భూగర్భ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ జ్యూస్ పట్టుబట్టి నడిపిన పథకం కింద, ఆల్ప్స్ కొండల ఊటనీటిని దాదాపు 95 కిలోమీటర్లు మోసుకొచ్చే కాలువ 1873లో పూర్తయింది. డాన్యూబ్ నదిని కొత్త దారికి మళ్ళించి వరదలకు కట్టడి వేశారు. ఇప్పటికీ పర్యాటకులు ఫోటోలు దిగే ఆ గోపురాల నగరభవనం కూడా వాళ్ళు కట్టించిందే. ఆ భవనంలో ఎక్కువకాలం కూర్చునే యోగం మాత్రం వాళ్ళకు పట్టలేదు.

1873 మే 1న వియన్నాలో ప్రపంచ ప్రదర్శన మొదలైంది. మే 9న స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. రాత్రికి రాత్రే పుట్టుకొచ్చిన బ్యాంకులు రాత్రికి రాత్రే మాయమయ్యాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది వీధి చివరి దర్జీకి, చెప్పులు కుట్టేవాడికి, చెక్కపని మేస్త్రీకి. వాళ్ళ వృత్తిసంఘాల రక్షణ 1859లోనే పోయింది, ఎవరైనా ఏ వ్యాపారమైనా చేసుకోవచ్చన్న చట్టం వచ్చింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో కుట్టిన రెడీమేడ్ కోటు అంగడికొచ్చింది. దర్జీ మగ్గిపోతుంటే లిబరల్ పత్రికలు ఆయనకు స్వేచ్ఛా వాణిజ్యం గొప్పతనం పాఠం చెప్పాయి. కడుపు మండినవాడికి శత్రువు పేరు చెప్పేవాడు దొరికితే చాలు. చెప్పేవాళ్ళకు కొదవ లేకపోయింది. బ్యాంకులో యూదుడు, పత్రికలో యూదుడు, రెడీమేడ్ దుకాణంలో యూదుడు అని చూపించారు. నగర జనాభాలో యూదులు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. వాళ్ళలో చాలామంది పొట్ట చేతపట్టుకొచ్చిన బీదవాళ్ళేనన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఈలోగా ఓటు హద్దు కొంచెం జరిగింది. ఏడాదికి పది గుల్డెన్లు పన్ను కడితేగాని ఓటు లేని చోట ఐదు గుల్డెన్లు చాలన్నారు, 1882లో పార్లమెంటుకు, 1885లో నగరసభకు. ‘ఐదు గుల్డెన్ల మనుషులు’ అని కొత్త ఓటర్లకు పేరే పడిపోయింది. లిబరల్స్ వాళ్ళను చిన్నచూపు చూశారు. ఒక్కడు మాత్రం వాళ్ళలో తన భవిష్యత్తును చూసుకున్నాడు.

లుయేగర్ 1844లో పుట్టాడు. తండ్రి పాలిటెక్నిక్‌లో బంట్రోతు. తండ్రి పోయాక తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు పొగాకు కొట్టు నడిపి ఇల్లు గడిపారు. కుర్రాడు ప్రభువుల పిల్లలు చదివే థెరేసియానంలో చదువుకున్నాడు, అయితే వాళ్ళలా హాస్టల్లో ఉండి కాదు, రోజూ ఇంటినుంచి వెళ్ళొచ్చే విద్యార్థిగా. న్యాయశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాడు. 1875లో నగరసభలో అడుగుపెట్టింది లిబరల్‌గానే. అక్కడ ఆయన జతగాడు ఇగ్నాజ్ మాండ్ల్ అనే యూదు వైద్యుడు. ఇద్దరూ కలిసి కాంట్రాక్టుల్లో అవినీతి మీద ఫెల్డర్‌ను ఊపిరి తీసుకోనివ్వలేదు. 1878లో ఫెల్డర్ దిగిపోయాడు. 1881 డిసెంబరులో రింగ్ థియేటర్ తగలబడి వందల మంది చనిపోయినప్పుడు తర్వాతి మేయర్ నేవాల్ట్ మీద విరుచుకుపడ్డారు. ఆయనా పోయాడు. పదేళ్ళు భుజం భుజం కలిపి నడిచిన మాండ్ల్‌ను, గాలి ఎటు వీస్తోందో తెలిశాక లుయేగర్ వదిలేశాడు. 1887 నాటికి యూదు వ్యతిరేక వేదికల మీద ఆయనే ప్రధాన వక్త. ఆయన మనసులో నిజంగా ఆ ద్వేషం ఉందా, ఓట్లకోసం పెంచుకున్నదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. తిట్టు తిన్నవాడికి ఆ తేడాతో పనేమిటో నాకు అర్థం కాదు.

ఇక కూటమి. 1888 ప్రాంతంలో ‘ఐక్య క్రైస్తవులు’ అన్న పేరుతో ఒక గొడుగు కిందికి చేరినవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. ఒకవైపు చేతివృత్తుల సంఘాలు, వాళ్ళకు కావలసింది పాత రక్షణలు. రెండోవైపు కాథలిక్ సంస్కర్తలు, బారన్ ఫోగెల్‌జాంగ్ అనే పత్రికాసంపాదకుడు, ప్రిన్స్ అలోయిస్ లిక్టెన్‌స్టైన్ అనే జమీందారు, పెట్టుబడిదారీ విధానం క్రైస్తవ ధర్మానికి విరుద్ధమని నమ్మే కుర్ర పాదరీలు. మూడోవైపు గేయోర్గ్ షోనరర్ అనుచరులైన జర్మన్ జాతీయవాదులు, వీళ్ళకు చర్చి అంటే ఒళ్ళుమంట, హాబ్స్‌బర్గ్ రాజ్యంలోని జర్మన్ ప్రాంతాలు బెర్లిన్‌లో కలిసిపోవాలని కోరిక. చక్రవర్తికి జేకొట్టే పాదరీ, చక్రవర్తే అక్కర్లేదనే జాతీయవాది, ఇద్దరూ ఒకే అభ్యర్థికి ప్రచారం చేశారు. వీళ్ళను కలిపి కట్టిన దారం ఒక్కటే, యూదు ద్వేషం. ఆర్థిక విధానం మీద మాట్లాడుకుంటే సాయంత్రానికి విడిపోయేవాళ్ళు. అందుకే ఆ మాట ఎత్తలేదు.

షోనరర్ పోకడే లుయేగర్‌కు కలిసొచ్చింది. 1888లో ఒక పత్రికాఫీసు మీద మందిని వేసుకుని పడి దాడి చేసినందుకు షోనరర్ జైలుకెళ్ళాడు, ప్రభువంశ బిరుదూ పోయింది. నాయకుడు లేని గుంపు లుయేగర్ పంచన చేరింది. అదే రోజుల్లో ‘బంగారు బాతు’ అన్న హోటల్లో సాయంకాలాలు కొన్ని సమావేశాలు జరిగేవి. ఫ్రాంజ్ షిండ్లర్ అనే మతశాస్త్ర ఆచార్యుడి చుట్టూ కొందరు చేరి, కూలి ఎంత ఉండాలి, వడ్డీ పాపమా కాదా, వృత్తిసంఘాలను మళ్ళీ ఎలా నిలబెట్టాలి అని గంటల తరబడి చర్చించుకునేవాళ్ళు. ‘బాతు సాయంత్రాలు’ అని వాటికి పేరు. 1891లో పోప్ 13వ లియో కార్మికుల సమస్య మీద లేఖ విడుదల చేయడంతో వాళ్ళకు రోమ్ నుంచే బలం వచ్చినట్టయింది. ఈ కూటమే క్రిస్టియన్ సోషల్ పార్టీగా మారింది, ఆ పార్టీ సిద్ధాంతమంతా అక్కడే వండింది. వీధి సభల్లో వడ్డించింది మాత్రం వేరే వంటకం. పెద్ద బిషప్పులకు ఈ అల్లరి నచ్చలేదు, 1895లో పోప్‌కు ఫిర్యాదు కూడా మోసుకెళ్ళారు. పోప్ లుయేగర్ పక్షాన్నే నిలిచాడు.

ఎదుటి కూటమి పరిస్థితి చూడండి. లిబరల్స్‌లో పాతకాపులు, అభ్యుదయవాదులు, ప్రజాస్వామికవాదులు అని ముక్కలున్నాయి. ఓటుహక్కు అందరికీ ఇవ్వాలనే ఫెర్డినాండ్ క్రోనావెటర్ లాంటి వాళ్ళను పార్టీ పెద్దలు దగ్గరకు రానివ్వలేదు. యూదు వ్యతిరేకత మూర్ఖుల సోషలిజం అన్న మాట జర్మన్ సోషలిస్టు నాయకుడు బెబెల్ పేరుతో ప్రచారంలో ఉంది గాని, అంతకుముందే క్రోనావెటర్ అన్నాడని చెబుతారు. కార్మికులకు ఓటిచ్చి ఉంటే లుయేగర్‌ను అడ్డుకునే బలం లిబరల్స్‌కు దొరికేదేమో. కార్మికుల ఓటంటే వాళ్ళకు లుయేగర్ కన్నా ఎక్కువ భయం. తమ మూడు తరగతుల కోటే తమను కాపాడుతుందని నమ్ముకుని కూర్చున్నారు.

ఆ కోట రెండో తరగతిలో బీటలిచ్చింది. మూడో తరగతి చేజారినా మిగతా రెండూ ఉన్నాయన్నది లిబరల్స్ లెక్క. కాని బడిపంతుళ్ళు, గుమస్తాలు, చిన్న ఉద్యోగులు జీతాలు పెరగక, అద్దెలు పెరిగి విసిగిపోయి ఉన్నారు. ఇంటి యజమానులకూ వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి. లుయేగర్ గుమస్తాకు జీతం పెంపు, ఇంటి యజమానికి పన్ను తగ్గింపు ఒకే నోటితో వాగ్దానం చేశాడు. 1895 ఏప్రిల్‌లో రెండో తరగతికి ఎన్నికలు జరిగితే లిబరల్ మెజారిటీ కరిగి బొటాబొటీగా మిగిలింది. మేయర్ గ్రూబ్ల్ రాజీనామా చేశాడు. మే 29న లుయేగర్ ఎన్నికయ్యాడు గాని, తనకొచ్చిన పల్చటి మెజారిటీతో కుర్చీ ఎక్కడం తెలివితక్కువని తానే వద్దన్నాడు. ప్రభుత్వం సభను రద్దు చేసి ఫ్రీబైస్ అనే అధికారిని కూర్చోబెట్టింది. లుయేగర్ కోరుకున్నదీ అదే. సెప్టెంబరులో మూడు తరగతులకూ వరసగా ఎన్నికలు జరిగాయి. మూడో తరగతిని ఊడ్చిపారేశారు, రెండోది గెలుచుకున్నారు, శ్రీమంతుల మొదటి తరగతిలోనూ కొన్ని సీట్లు లాక్కున్నారు. మొత్తం 92. లిబరల్స్‌కు 46.

ఆ సెప్టెంబరులోనే ఒక పోలింగు కేంద్రం బయట, లుయేగర్‌ను చూసి కేరింతలు కొడుతున్న గుంపులో థియోడోర్ హెర్జల్ నిలబడి ఉన్నాడు. ఒక పెద్ద లిబరల్ పత్రికకు పారిస్ విలేకరిగా పనిచేసి అప్పుడే తిరిగొచ్చినవాడు. చూసినదాన్ని డైరీలో రాసుకున్నాడు. ఐదు నెలలు తిరక్కుండానే, 1896 ఫిబ్రవరిలో, యూదులకు సొంత దేశం కావాలంటూ ఆయన రాసిన చిన్న పుస్తకం అచ్చయింది. హెర్జల్ ఆ నిర్ణయానికి రావడానికి పారిస్‌లో చూసిన, యూదు సైనికాధికారి డ్రైఫస్ మీది కేసు కారణమని మామూలుగా చెబుతారు. వియన్నా మునిసిపల్ ఎన్నికల వాటా దానికి తక్కువేమీ కాదని నా అభిప్రాయం. అదే ఊళ్ళో సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే ఇంకో యూదు వైద్యుడు చుట్టలు మానెయ్యాలని తంటాలు పడుతున్నాడు. చక్రవర్తి లుయేగర్‌ను తిరస్కరించాడన్న వార్త విన్న సంతోషంలో నియమం తప్పి చుట్టలు కాల్చేశానని నవంబరులో స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

చక్రవర్తి ఎందుకు కాదన్నాడు? కొత్త ప్రధాని బడేనికి పార్లమెంటులో లిబరల్స్ ఓట్లు కావాలి. హంగరీ నాయకులు లుయేగర్ పేరు చెబితే మండిపడేవాళ్ళు, వాళ్ళను బూతులు తిట్టని సభ లేదు కనుక. పౌరులందరూ సమానమన్న రాజ్యాంగం కింద ఒక మతంవాళ్ళను వీధిలో తిట్టి గెలిచినవాణ్ణి ఆమోదించడం ముసలి చక్రవర్తికి సొంతంగానూ ఇష్టం లేదు. అయితే ఒక్కో తిరస్కారానికీ లుయేగర్ ఒక్కో మెట్టు ఎక్కాడు. 1896 తొలి నెలల్లో మళ్ళీ ఎన్నికలు పెడితే 92 కాస్తా 96 అయింది. ఏప్రిల్ 18న సభ మళ్ళీ ఆయన్నే ఎన్నుకుంది. ఇక ఫ్రాంజ్ జోసెఫ్ ఆయన్ని ప్యాలెస్‌కు పిలిపించి ప్రస్తుతానికి తప్పుకోమని అడిగాడు. కాదంటే రాజద్రోహి, ఔనంటే విధేయుడు. లుయేగర్ ఔనన్నాడు. జోసెఫ్ స్ట్రోబాఖ్ అనే పుస్తకాల వ్యాపారిని మేయర్‌గా కూర్చోబెట్టి, తాను వైస్ మేయర్‌గా పక్కన కూర్చుని ఏడాదిపాటు పెత్తనం చేశాడు. ఇలాంటి డమ్మీ కుర్చీల కథలు మన పాఠకులకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

1897 మార్చిలో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఈసారి పార్లమెంటు ఓటర్ల తరగతుల్లో, మగవాళ్ళందరికీ ఓటున్న ఐదోది కొత్తగా చేరింది. వియన్నాలో ఆ సీట్లు కార్మికుల పార్టీ అయిన సోషల్ డెమొక్రాట్లవేనని అందరూ అనుకున్నారు. ఒక్కటీ రాలేదు, అన్నీ లుయేగర్ పార్టీకే పోయాయి. ఏప్రిల్ 5న బడేని చెక్ భాషకు సమానహోదా ఇచ్చే ఉత్తర్వులు తెచ్చి జర్మన్ పార్టీలన్నిటితో తగువు కొనితెచ్చుకున్నాడు. అలాంటి సమయంలో వియన్నాతో ఇంకో తగువు ఎవరికి కావాలి? ఏప్రిల్ 8న సభ లుయేగర్‌ను ఐదోసారి ఎన్నుకుంది, 16న ఆమోదం వచ్చింది.

ఆ తర్వాత 1910 మార్చిలో చనిపోయేదాకా ఆయనే మేయరు. పనిమంతుడు, అందులో సందేహం లేదు. దశాబ్దాలుగా ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఉన్న గ్యాసును నగరమే తీసుకుంది. స్థానిక బ్యాంకులు మొహం చాటేస్తే బెర్లిన్‌లో డాయిష్ బ్యాంకు దగ్గర అప్పు తెచ్చి సిమ్మరింగ్‌లో గ్యాసు కర్మాగారం కట్టారు. ఒక్కోటి 90 వేల ఘనపు మీటర్లు పట్టే నాలుగు ఇటుక డ్రమ్ములు 1899లో పనిలోకొచ్చాయి. ఇప్పుడు వాటిలో జనం ఫ్లాట్లు కొనుక్కుని కాపురముంటున్నారు. కరెంటు, ట్రాములు కూడా నగరం చేతికొచ్చాయి. లైన్త్స్‌లో వృద్ధాశ్రమం, ఊరి చుట్టూ అడవుల పట్టీ, ఆల్ప్స్ నుంచి రెండో నీటికాలువ. మునిసిపల్ సోషలిజం అని తర్వాతివాళ్ళు పేరు పెట్టిన పనులన్నీ సోషలిస్టుల బద్ధశత్రువు చేసి చూపించాడు.

ఈ పనులతో వేల ఉద్యోగాలు పుట్టాయి. అవి పార్టీ మనుషులకే దక్కాయి. సోషల్ డెమొక్రాట్ ఉపాధ్యాయులను ఏరి ఏరి తీసేశారు, వాళ్ళలో ఓటో గ్లోకెల్ అనే 23 ఏళ్ళ కుర్రాడు ఒకడు. ఇటుకబట్టీల్లో చచ్చీచెడీ పనిచేసే చెక్ కూలీలు నగర పౌరసత్వం తీసుకోవాలంటే ఊరి జర్మన్ స్వభావాన్ని కాపాడతామని ప్రమాణం చేయాలన్న నిబంధన 1900లో వచ్చింది.

ఆ 1900 చట్టంలోనే ఉంది ఈ కూటమి అసలు రంగు. పదిహేనేళ్ళ కిందట ఐదు గుల్డెన్ల తలుపు తెరిచారు గనుక లోపలికొచ్చినవాళ్ళు, తమ వెనక తలుపు గడియ పెట్టేశారు. పన్నుతో పనిలేకుండా మగవాళ్ళు ఓటేసే నాలుగో తరగతి పెట్టారు, నిజమే. మూడేళ్ళు అదే ఊళ్ళో ఉన్నట్టు రుజువుండాలి, పనికోసం ఊళ్ళు తిరిగే కూలీలకు అది కుదిరే పని కాదు. పైగా 158 సీట్లలో ఆ తరగతికిచ్చినవి 20. సోషల్ డెమొక్రాట్లు గెలుచుకున్నవి రెండు. యాకోబ్ రాయ్‌మన్, ఫ్రాంజ్ షూమాయర్ ఆ ఇద్దరు. దేనికోసం ఒకప్పుడు లిబరల్స్‌ను తిట్టిపోశారో ఆ మూడు తరగతుల కోటనే లుయేగర్ మనుషులు ఇంకో గోడ కట్టి మరింత పటిష్ఠం చేసుకున్నారు.

లుయేగర్ ఏలుబడిలో యూదుల మీద మూకదాడులు జరగలేదని, ఆయనకు యూదు స్నేహితులుండేవారని సమర్థకులు చెబుతారు. రెండూ నిజమే. ఆయన చివరి రోజుల్లో అదే ఊళ్ళో తిరుగుతున్న హిట్లర్ అనే నిరుద్యోగ యువకుడు ఆయన నుంచి ఏం నేర్చుకున్నాడో తన పుస్తకంలో పొగుడుతూ రాసుకున్నదీ నిజమే. 2012లో రింగ్ రోడ్డులో లుయేగర్ పేరున్న భాగాన్ని యూనివర్సిటీ రింగ్‌గా మార్చారు. 2020లో ఆయన విగ్రహం మీద ‘సిగ్గుచేటు’ అని రంగుతో రాశారు. దాన్ని మూడున్నర డిగ్రీలు పక్కకు ఒరిగేలా నిలబెట్టే ప్రతిపాదనను 2023లో ఎంపిక చేశారు. నన్నడిగితే ఆ ఒరిగిన విగ్రహం కన్నా 1900 నాటి ఆ ఓటరు చట్టాన్ని రాతి మీద చెక్కి పక్కన పెడితే చూసేవాళ్ళకు ఎక్కువ తెలుస్తుంది.

నాయకుడు పోయాక దారం సడలింది. ప్రపంచయుద్ధం సామ్రాజ్యాన్నే మింగేసింది. 1919 మే 4న వియన్నా నగరసభకు మొదటిసారి తరగతులు లేని ఎన్నికలు జరిగాయి, ఆడవాళ్ళూ ఓటేశారు. 165 సీట్లలో సోషల్ డెమొక్రాట్లకు 100, క్రిస్టియన్ సోషల్స్‌కు 50. పందొమ్మిదేళ్ళ కిందట ఇద్దరిలో ఒకడుగా సభలో అడుగుపెట్టిన రాయ్‌మన్ మేయరయ్యాడు. లుయేగర్ ఉద్యోగంలోంచి తీసేసిన గ్లోకెల్ చేతికి నగరంలోని బడులన్నీ వచ్చాయి. ఆ ‘ఎర్ర వియన్నా’ ఇళ్ళ పన్ను వేసి కూలివాళ్ళకు 60 వేలకు పైగా ఫ్లాట్లు ఎలా కట్టిందో, 1934 ఫిబ్రవరిలో వాటి మీదికి సొంత దేశపు సైన్యమే ఫిరంగులు ఎందుకు ఎక్కుపెట్టిందో వచ్చే సంచికలో.